వైరు సైజును చదవడం, లెక్కగట్టడం, సరిచూసుకోవడం ఎలా: ఇంటి వైరింగు నుంచి బోరు మోటారు దాకా

ఎలక్ట్రికల్ సామాను అమ్మే దుకాణంలో కాసేపు నిలబడితే వైరు కొలతలు మూడు నాలుగు తీరుల్లో వినిపిస్తాయి. ఒకరు "రెండున్నర ఎం.ఎం. రెండు కాయిళ్లు" అని అడుగుతారు, ఇంకొకరు "సెవెన్ ట్వంటీ ఉందా" అంటారు, మోటారు రివైండింగు చేసే మేస్త్రీ "ఇరవై రెండు గేజి" అంటాడు. ఇల్లు కట్టుకుంటున్న యజమాని మాత్రం ఎలక్ట్రీషియను రాసిచ్చిన చీటీని కౌంటరు మీద పెట్టి, మొత్తం ఎంతయిందో కనుక్కుని వచ్చేస్తాడు. ఆ చీటీలోని అంకెలకు అర్థం ఏమిటో, అవి తన ఇంటికి సరిపోతాయో లేదో తెలుసుకోవడానికి ఇంజనీరింగు చదవనక్కరలేదు, గుణకారం, భాగహారం వస్తే చాలు. గోడలో పూడిపోయిన వైరు పదుల ఏళ్లు అక్కడే ఉంటుంది కాబట్టి ఆ కొద్దిపాటి లెక్క ప్రతి యజమానీ స్వయంగా వేసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇక్కడ చెప్పేది 230 వోల్టుల ఇంటి వైరింగుకు, పొలంలో బోరు మోటారుకు సంబంధించిన రాగి వైర్ల గురించి. వైరును ఎంచుకోవడం, సరిచూసుకోవడం మీరు చేయవలసిన పని. దాన్ని లాగి, బోర్డుల్లో బిగించే పనిని మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియను చేతనే చేయించండి.

మొదట, ఆ అంకె దేన్ని కొలుస్తోందో తెలుసుకోండి

దుకాణంలో "రెండున్నర ఎం.ఎం." అని పిలిచే వైరు లోపలి రాగి రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉండదు. ఆ అంకె చదరపు మిల్లీమీటర్లలో చెప్పిన కొలత, అంటే వైరును అడ్డంగా కోసినప్పుడు కనిపించే రాగి ముఖపు వైశాల్యం. పైనున్న ప్లాస్టిక్ తొడుగు ఈ లెక్కలోకి రాదు. ఒంటి కడ్డీగా ఉండే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వ్యాసం సుమారు 1.78 మిల్లీమీటర్లే. వ్యాసం తెలిస్తే వైశాల్యం కనుక్కోవడానికి వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, వచ్చినదాన్ని 0.785తో గుణించాలి. వ్యాసం రెట్టింపయితే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది కాబట్టి, రెండు వైర్లను పక్కపక్కన పెట్టి కంటితో చూసి "కొంచెమే తేడా" అనుకోవడం ఎప్పుడూ మోసపుచ్చుతుంది.

మన మార్కెట్లో దొరికే ప్రామాణిక సైజులు 0.5, 0.75, 1, 1.5, 2.5, 4, 6, 10, 16, 25 చదరపు మిల్లీమీటర్లు, ఆపైన ఇంకా పెద్దవి. ఈ వరుస భారతీయ ప్రమాణాల్లోనూ, గల్ఫ్ దేశాల్లోనూ, ఐరోపాలోనూ ఒకటే. 1.8 అనో 3 అనో ఇంటి వైరింగు వైరుకు సైజు చెబితే ఆ వైరును అనుమానించవలసిందే.

ఇంటి వైరింగులో ఇప్పుడు ఎక్కువగా వాడేవి అనేక సన్నని పోగులతో పేనిన వైర్లు. కాయిల్ మీద "22/0.3" అని ఉంటే, 0.3 మిల్లీమీటర్ల వ్యాసం గల పోగులు 22 ఉన్నాయని అర్థం. ఒక్కో పోగు వైశాల్యం 0.0707 చదరపు మిల్లీమీటర్లు, దాన్ని 22తో గుణిస్తే 1.55 వస్తుంది, అంటే అది 1.5 వైరు. ఇదే పద్ధతిలో 14/0.3 అంటే 1 వైరు, 36/0.3 అంటే 2.5, 56/0.3 అంటే 4, 84/0.3 అంటే 6. పోగుల సంఖ్య తయారీదారును బట్టి మారవచ్చు గాని, గుణించి చూస్తే వచ్చే వైశాల్యం మాత్రం ఆ సైజుకు దగ్గరగానే ఉండాలి.

పాత గేజి పేర్లను చదరపు మిల్లీమీటర్లలోకి మార్చుకోండి

"త్రీ ట్వంటీ", "సెవెన్ ట్వంటీ" అనేవి బ్రిటిషు కాలపు వాడుక, రాసేటప్పుడు 3/20, 7/20 అని రాస్తారు. వాటి వెనుక ఉన్నది 1884లో బ్రిటన్‌లో చట్టబద్ధమైన స్టాండర్డ్ వైర్ గేజి. గీతకు ముందున్న అంకె పోగుల సంఖ్యను, తర్వాతి అంకె ఒక్కో పోగు గేజి నంబరును చెబుతాయి. ఈ పద్ధతిలో నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 18 గేజి తీగ వ్యాసం 1.22 మిల్లీమీటర్లు, 20 గేజిది 0.91, 22 గేజిది 0.71. కాబట్టి 1/18 అంటే సుమారు 1.17 చదరపు మిల్లీమీటర్లు, 3/22 అంటే 1.19, 3/20 అంటే 1.97, 7/22 అంటే 2.78, 7/20 అంటే 4.6, 7/18 అంటే 8.2.

ఇక్కడొక చిక్కు ఉంది. 3/20 అడిగితే చాలా దుకాణాల్లో నేటి 1.5 వైరు ఇస్తారు. లెక్క ప్రకారం చూస్తే పాత వైరులో రాగి దాదాపు 2 చదరపు మిల్లీమీటర్లు. 7/20కి బదులుగా వచ్చే 4 వైరు విషయంలోనూ ఇంతే. అందువల్ల పాత ఇంటి వైరింగును మార్చేటప్పుడు "ఇదివరకు ఉన్నదే వేయండి" అని చెప్పి ఊరుకోకుండా, కొత్త సైజును చదరపు మిల్లీమీటర్లలో నిర్ణయించి, అదే మాటను చీటీ మీద రాయించి, బిల్లులోనూ రాయించుకోండి. గేజి భాషను రివైండింగు పనివాళ్లకు వదిలిపెట్టవచ్చు, అక్కడ దాని అవసరం ఇంకా ఉంది.

అమెరికాలో ఉన్నవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడి గేజి వేరు. అమెరికన్ పద్ధతిలో 14 గేజి తీగ 2.08 చదరపు మిల్లీమీటర్లు, బ్రిటిషు పద్ధతిలో అదే 14 గేజి 3.24. అమెరికా ఇళ్లలో 15 ఆంపియర్ల సర్క్యూటుకు 14 గేజి రాగి వైరు, 20 ఆంపియర్లకు 12 గేజి, 30 ఆంపియర్లకు 10 గేజి వేస్తారు. 12 గేజి అంటే 3.31 చదరపు మిల్లీమీటర్లు, 10 గేజి అంటే 5.26. అక్కడ నంబరు మూడు తగ్గితే వైశాల్యం ఇంచుమించు రెట్టింపవుతుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే పట్టిక లేకపోయినా అంచనా కట్టవచ్చు.

కాయిల్ మీద, వైరు మీద ఉన్న అచ్చును చదవండి

పెట్టె మీది బొమ్మలను వదిలిపెట్టి, వైరు తొడుగు పొడవునా అచ్చయి ఉన్న చిన్న అక్షరాలను వెలుతురులో చదవండి. తయారీదారు పేరు, సైజు, వోల్టేజి, ఐఎస్ 694 అనే ప్రమాణం నంబరు, ఐఎస్ఐ గుర్తు, దానితోపాటు సీఎం/ఎల్ అనే అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు నంబరు అక్కడ కనిపించాలి. ఆ లైసెన్సు నంబరును భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ అనే ఫోన్ యాప్‌లో వేసి చూస్తే అది ఎవరికి, ఏ వస్తువుకు ఇచ్చినదో తెలుస్తుంది. పేరున్న కంపెనీ పేరును ఒక అక్షరం అటూ ఇటూ మార్చి అమ్మే వైర్లు ఈ ఒక్క పరీక్షలోనే బయటపడతాయి.

ఎఫ్ఆర్ అని ఉంటే తొడుగు మంటను పాకనివ్వకుండా నిరోధించే రకమని అర్థం. ఎఫ్ఆర్-ఎల్‌ఎస్‌హెచ్ అయితే కాలినప్పుడు పొగ, ఆమ్లవాయువు తక్కువగా వస్తాయి. అపార్టుమెంటులో ఉండేవారికి ఈ రెండో రకమే మంచిది, ఎందుకంటే అగ్నిప్రమాదంలో మంట కంటే ముందు పొగే ఊపిరాడనివ్వదు. సాధారణ పీవీసీ వైరులో రాగి 70 డిగ్రీల వేడి దాకా ఉండవచ్చునని ప్రమాణం, హెచ్ఆర్ అని ఉన్న రకానికి ఆ హద్దు 85 డిగ్రీలు.

రాగి నిజంగా ఉందో లేదో సరిచూసుకోండి

అచ్చులో 1.5 అని ఉన్నంత మాత్రాన లోపల అంత రాగి ఉన్నట్టు కాదు. దీన్ని పట్టుకోవడానికి తూకం సులువైన మార్గం. ఒక చదరపు మిల్లీమీటరు వైశాల్యం గల రాగి తీగ మీటరుకు సుమారు 8.9 గ్రాములు తూగుతుంది. మన దగ్గర మామూలుగా అమ్మే కాయిల్ 90 మీటర్లు కాబట్టి, 1.5 వైరు కాయిల్లో రాగి ఒక్కటే 1.2 కిలోలు, 2.5లో 2 కిలోలు, 4లో 3.2 కిలోలు ఉండాలి. తొడుగు బరువు దీనికి అదనం. పెట్టె తీసేసి కాయిల్‌ను తూకం మీద పెట్టినప్పుడు తొడుగుతో కలిపి కూడా ఈ అంకెకు మించకపోతే, రాగి అయినా తక్కువగా ఉండాలి, పొడవైనా తక్కువగా ఉండాలి. ధర మరీ తక్కువైతే ఈ తూకం తప్పనిసరి. అల్యూమినియం పోగుల మీద రాగి పూత వేసి అమ్మే వైరును కూడా ఇదే పట్టిస్తుంది, ఎందుకంటే అల్యూమినియం సాంద్రత రాగిలో మూడో వంతు కంటే తక్కువ. బ్లేడుతో ఒక పోగును గీకి చూసినా లోపల తెల్లగా కనిపిస్తుంది.

ఇంకా నిక్కచ్చిగా తెలియాలంటే నిరోధం, అంటే కరెంటును వైరు ఎంత అడ్డుకుంటుందో, కొలవాలి. ప్రమాణాలు వైరు సైజును చివరికి ఒప్పుకునేది లేదా తోసిపుచ్చేది వైశాల్యాన్ని కొలిచి కాదు, 20 డిగ్రీల వద్ద కిలోమీటరుకు దాని నిరోధం గరిష్ఠ హద్దు దాటిందా లేదా అన్నది చూసి. పోగుల వైరుకు ఆ హద్దులు 1 సైజుకు 19.5 ఓములు, 1.5కు 13.3, 2.5కు 7.98, 4కు 4.95, 6కు 3.30, 10కి 1.91. కిలోమీటరుకు 13.3 అంటే 90 మీటర్లకు సుమారు 1.2 ఓములు. 1.5 అని కొన్న కాయిల్ రెండు కొసలనూ ఒలిచి మల్టీమీటరుతో చూస్తే 1.75 దగ్గర చూపించిందంటే అందులో ఉన్నది 1 వైరుకు సరిపోయే రాగి. అయితే మల్టీమీటరు సొంత తీగలకే కొంత నిరోధం ఉంటుంది కాబట్టి, ముందు ఆ రెండు మొనలనూ ఒకదానికొకటి తాకించి వచ్చిన అంకెను తర్వాతి కొలతలోంచి తీసేయాలి. మన ఎండలకు రాగి 35 డిగ్రీల్లో ఉంటే నిరోధం సుమారు 6 శాతం ఎక్కువ చూపడం సహజం, దానికి కంగారుపడనక్కరలేదు.

ఏ సర్క్యూటు మీద ఎంత కరెంటు పోతుందో లెక్కగట్టండి

వస్తువు మీద రాసి ఉన్న వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 2000 వాట్ల గీజరు 8.7 ఆంపియర్లు, 3000 వాట్లదైతే 13, 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి 8.7, 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె 4.3 తీసుకుంటాయి. ఏసీలు, మోటార్లు వంటి వాటికి వాట్లతో లెక్క వేయకుండా నేమ్‌ప్లేటు మీద ఉన్న గరిష్ఠ ఆంపియర్ల అంకెనే తీసుకోండి.

ఎల్ఈడీ దీపాలు, ఫ్యాన్లు తీసుకునే కరెంటు చాలా స్వల్పం. ఒక లైటింగు సర్క్యూటు మీద పది పాయింట్లకు, 800 వాట్లకు మించకూడదని చాలాకాలంగా పాటిస్తున్న నియమం, 800 వాట్లంటే 3.5 ఆంపియర్లే. అంత తక్కువకు 1 వైరు చాలదా అని అడిగేవారున్నారు. దీపాలకైతే చాలు. కాని మన ఇళ్లలో స్విచ్‌బోర్డు మీద ఉండే చిన్న సాకెట్లో ఏమేమి పెడతారో గుర్తుచేసుకోండి. పొద్దున్నే ఇస్త్రీ పెట్టె, చలికాలంలో బకెట్లో వేసే 1500 వాట్ల హీటరు కడ్డీ అక్కడే పెడతారు. ఆ కడ్డీ ఒక్కటే 6.5 ఆంపియర్లు తీసుకుంటుంది, చిన్న సాకెట్ తట్టుకునేదే 6. అలా పెట్టకూడదని ఎంత చెప్పినా పెట్టేవారు పెడతారు కాబట్టి, లైటింగు సర్క్యూటుకు కూడా 1.5 కంటే తక్కువ వైరు వేయించవద్దు. 1 వైరును స్విచ్ నుంచి ఒక్క దీపానికి పోయే తీగకు పరిమితం చేయవచ్చు, అయినా మిగిలే డబ్బు స్వల్పమే.

వైరు మోయగలిగినదాన్ని, ఎంసీబీని జతపరచండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు. ఎంసీబీ అంటే కరెంటు హద్దు మీరినప్పుడు దానంతటదే పడిపోయి సర్క్యూటును ఆపేసే స్విచ్. పైపులో రెండు వైర్లు, అంటే ఒక ఫేజు, ఒక న్యూట్రల్ మాత్రమే పోతున్నప్పుడు, పీవీసీ రాగి వైరుకు మన దేశపు తయారీదారుల పట్టికల్లో సాధారణంగా కనిపించే సామర్థ్యం ఇలా ఉంటుంది:

1 చదరపు మిల్లీమీటరు: 11 ఆంపియర్లు
1.5: 13 ఆంపియర్లు
2.5: 18 ఆంపియర్లు
4: 24 ఆంపియర్లు
6: 31 ఆంపియర్లు

మీరు కొన్న వైరు కంపెనీ పట్టికలో అంకెలు కొంచెం తేడాగా ఉంటే ఆ పట్టికనే తీసుకోండి, కాని అది ఏ పరిస్థితికి ఇచ్చినదో కూడా చదవండి. గోడ మీద గాలి తగిలేలా బిగించిన వైరుకు ఎక్కువ అంకె, పైపులో పోయే వైరుకు తక్కువ అంకె ఇస్తారు. అమ్మేవారు చెప్పేది మామూలుగా ఆ పెద్ద అంకెనే.

పాటించవలసిన నియమం ఇది: వస్తువు తీసుకునే కరెంటు కంటే ఎంసీబీ రేటింగు తక్కువ కాకూడదు, ఎంసీబీ రేటింగు కంటే వైరు సామర్థ్యం తక్కువ కాకూడదు. ఎంసీబీ ఉన్నది ముందుగా వైరును కాపాడటానికి. 2.5 వైరు మీద 32 ఆంపియర్ల ఎంసీబీ పెడితే, 25 ఆంపియర్లు గంటల తరబడి పోతున్నా అది పడిపోదు, ఈలోగా గోడలోని తొడుగు మెత్తబడుతూ ఉంటుంది. కరెంటు 20 శాతం పెరిగితే వైరులో పుట్టే వేడి 44 శాతం పెరుగుతుందని గుర్తుంచుకోండి. "ఎంసీబీ ఊరికే పడిపోతోంది" అని పెద్దది పెట్టించుకోవడం ఇళ్లలో జరిగే పొరపాట్లలో నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది. పడిపోతున్న ఎంసీబీ లోడు ఎక్కువైందని గాని, ఎక్కడో లోపం ఉందని గాని చెబుతోంది, ముందు ఆ కారణం వెతకాలి.

పట్టికలోని అంకెను ఉన్నది ఉన్నట్టుగా వాడకుండా రెండు తగ్గింపులు వేయాలి. మన దేశపు పట్టికలు సాధారణంగా చుట్టూ 40 డిగ్రీల వేడి ఉంటుందని అనుకుని తయారు చేసినవి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో పడమటి గోడ, పై స్లాబు ఎంత కాగుతాయో ఆ ఊళ్లవారికి చెప్పనక్కరలేదు. చుట్టూ 45 డిగ్రీలు ఉంటే సామర్థ్యాన్ని సుమారు 0.91తో, 50 డిగ్రీలు ఉంటే 0.82తో గుణించాలి. రెండోది, ఒకే పైపులో ఎన్ని సర్క్యూట్లు పోతున్నాయన్నది. రెండు పోతే 0.8తో, మూడు పోతే 0.7తో గుణించాలి.

స్నానాల గదిలోని 3000 వాట్ల గీజరును తీసుకుని ఈ లెక్కను పూర్తిగా వేసి చూద్దాం. అది 13 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి ఎంసీబీ 16 ఆంపియర్లది కావాలి. 2.5 వైరు పట్టికలో 18 ఉంది, సరిపోయినట్టే అనిపిస్తుంది. కాని ఎలక్ట్రీషియను అదే పైపులో పక్క గది పవర్ సర్క్యూటును కూడా లాగాడు, పైపు పోయేది పై స్లాబులో. అప్పుడు 18ని 0.8తోనూ 0.91తోనూ గుణిస్తే 13.1 మాత్రమే మిగులుతుంది, 16 ఆంపియర్ల ఎంసీబీ ఇక ఆ వైరును కాపాడలేదు. 4 వైరు అయితే 24ను అలాగే గుణించినప్పుడు 17.5 వస్తుంది, ఎంసీబీకి పైన ఉంది కాబట్టి సరిపోతుంది. గీజరుకు 4 వైరు వేయాలని అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్లు పట్టుబట్టడం వెనుక ఉన్న లెక్క ఇదే. లేదా 2.5 వైరునే ఉంచి దానికి విడిగా ఒక పైపు ఇప్పించవచ్చు, గోడలు కొట్టకముందే చెబితే అదీ కష్టం కాదు.

ఇదే పద్ధతిలో చూస్తే మామూలు ఇంట్లో లైటింగుకు 1.5 వైరు మీద 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ, విడి పైపులో పోయే పవర్ సాకెట్లకు 2.5 వైరు మీద 16, గీజరుకు, ఏసీకి 4 వైరు మీద 16 లేదా నేమ్‌ప్లేటు కోరితే విడి పైపులో 20 సరిపోతాయి. మెయిన్ బోర్డు దాకా వచ్చే వైరు సైజు ఇంటి మొత్తం లోడును బట్టి, మంజూరైన కిలోవాట్లను బట్టి ఉంటుంది, 6 కంటే తక్కువ వేయించకుండా 10 దాకా ఆలోచించండి.

దూరాన్ని లెక్కలోకి తీసుకోండి

ఇంటి లోపల దూరాలు తక్కువ కాబట్టి పై లెక్కతో పని గడిచిపోతుంది. పొలంలో అలా కాదు. వైరు వేడెక్కకపోయినా దారిలో వోల్టేజి తగ్గిపోతుంది. సింగిల్ ఫేజులో తగ్గే వోల్టులు తెలియాలంటే దూరాన్ని మీటర్లలో 2తో గుణించి, దాన్ని ఆంపియర్లతో గుణించి, పైన చెప్పిన కిలోమీటరు నిరోధంతో గుణించి, 1000తో భాగించాలి. కరెంటు పోవడానికి ఒక తీగ, తిరిగి రావడానికి ఒక తీగ ఉంటాయి కాబట్టి 2. దీపాలకు 3 శాతం, మిగతా వాటికి 5 శాతం మించకూడదని నియమం, 230లో 5 శాతమంటే 11.5 వోల్టులు.

మీటరు నుంచి స్టార్టరు దాకా, అక్కడి నుంచి బోరు లోతులో ఉన్న మోటారు దాకా కలిపి 100 మీటర్లు, మోటారు నేమ్‌ప్లేటు మీద 10 ఆంపియర్లు ఉన్నాయనుకోండి. 2.5 వైరు వేస్తే 16 వోల్టులు పోతాయి, అంటే దాదాపు 7 శాతం. 4 వేస్తే 9.9 వోల్టులు పోతాయి. హద్దు లోపలే ఉన్నట్టు కనిపిస్తుంది గాని, ఎండలో పడి ఉన్న వైరులో రాగి 45 డిగ్రీలకు చేరితే నిరోధం 10 శాతం పెరిగి నష్టం 11 వోల్టులు దాటకుండా అంచున నిలుస్తుంది. 6 వేస్తే 6.6 వోల్టులే. ఒక్క వేడి గురించే ఆలోచిస్తే 10 ఆంపియర్లకు 2.5 వైరు హాయిగా చాలు. దూరమే ఇక్కడ 6 వైరు కోరుతోంది.

ఈ తేడా నడిచేటప్పటి కంటే మోటారు ఎత్తుకునే క్షణంలో ఎక్కువగా తెలుస్తుంది. నేరుగా స్టార్టు చేసిన మోటారు ఆ క్షణంలో మామూలు కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది, వైరులో నష్టం కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. వోల్టేజి తగ్గితే మోటారు తిప్పే బలం దాని వర్గంలో తగ్గుతుంది, అంటే వోల్టేజి 80 శాతానికి పడితే బలం 64 శాతమే. ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా, లైను చివర ఉన్న పొలాల్లో అసలే వోల్టేజి తక్కువగా అందుతుంది. దానికి సన్న వైరు తోడైతే మోటారు మూలుగుతూ నిలిచిపోయి వైండింగు కాలుతుంది. రివైండింగుకూ, మోటారును పైకి తీసి దించడానికీ అయ్యే ఖర్చుతో పోల్చి చూస్తే లావు వైరుకు పెట్టిన అదనం ఏపాటిదో రైతులకు తెలుసు.

త్రీ ఫేజు మోటారుకు 2కు బదులు 1.732తో గుణించాలి, శాతాన్ని 415 మీద కట్టాలి. ఒక త్రీ ఫేజు మోటారు నేమ్‌ప్లేటు మీద 9 ఆంపియర్లు ఉండి, దూరం 150 మీటర్లయితే, 2.5 వైరులో 18.7 వోల్టులు, అంటే నాలుగున్నర శాతం పోతుంది. 4 వైరులో 11.6 వోల్టులు, అంటే మూడు శాతం లోపే.

న్యూట్రల్, ఎర్త్, అల్యూమినియం, బిగింపులు

న్యూట్రల్ వైరు ఫేజు వైరు సైజులోనే ఉండాలి, సింగిల్ ఫేజులో ఎంత కరెంటు వెళ్తే అంతా దాని గుండానే తిరిగి వస్తుంది. ఫేజు వైరు 16 చదరపు మిల్లీమీటర్ల దాకా ఉన్నప్పుడు ఎర్త్ వైరు కూడా అదే సైజులో వేయించండి. రెండు మూడు సర్క్యూట్లకు కలిపి ఒకే న్యూట్రల్ లాగే అలవాటును ఒప్పుకోవద్దు, దానివల్ల న్యూట్రల్ మీద కరెంట్లు కూడి, ఏ ఎంసీబీకీ తెలియకుండా అది కాగుతుంది. రంగుల్లో ఎరుపు, పసుపు, నీలం ఫేజులకు, నలుపు న్యూట్రల్‌కు, ఆకుపచ్చ ఎర్త్‌కు మన దగ్గర వాడుకలో ఉన్నాయి. కాయిల్ మిగిలిందని ఆకుపచ్చ వైరును ఫేజుకు వాడనివ్వవద్దు.

స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు తరచుగా అల్యూమినియంది ఉంటుంది. అల్యూమినియం రాగిలో సుమారు 61 శాతమే కరెంటును సాగనిస్తుంది కాబట్టి, అదే నిరోధం రావాలంటే 1.6 రెట్ల వైశాల్యం కావాలి, 4 రాగి వైరుకు బదులు 6 కంటే లావు అల్యూమినియం అన్నమాట. రెండు లోహాలను నేరుగా మెలితిప్పి అతికిస్తే ఆ చోట ఆక్సైడు పేరుకుని కాగుతుంది, దానికోసం తయారైన కనెక్టరు వాడాలి.

పని జరుగుతున్నప్పుడు ఒక్కసారి దగ్గరికి వెళ్లి, సాకెట్ వెనుక స్క్రూ రంధ్రంలోకి వైరును ఎలా పెడుతున్నారో చూడండి. 4 వైరులో 56 పోగులుంటాయి, రంధ్రం ఇరుకైతే ఓ పది పోగులను కట్టరుతో కత్తిరించి మిగతావాటిని దూర్చడం చాలా చోట్ల జరుగుతుంది. ఆ స్క్రూ దగ్గర ఇక ఉన్నది 46 పోగులు, అంటే 3.25 చదరపు మిల్లీమీటర్ల వైరు. లక్షణంగా లెక్కగట్టి, డబ్బు పెట్టి కొన్న సైజు సరిగ్గా ఎక్కువ వేడి పుట్టే చోటే తగ్గిపోతుంది. పోగులన్నీ పిన్ లగ్గులో (వైరు కొసకు తొడిగే లోహపు పిన్ను) చేర్చి, నొక్కి, ఆ పిన్నును రంధ్రంలో బిగించమని చెప్పండి. కొన్నాళ్లు వాడాక గీజరు స్విచ్ పలక వేడెక్కుతున్నా, పసుపురంగుకు మారుతున్నా మెయిన్ ఆపించి ఆ స్క్రూను సరిచూపించండి.

ప్లాస్టరింగు మొదలయ్యేలోపు ప్రతి గోడకూ ఫోటో తీసి, ఏ పైపులో ఏ సైజు వైరు, ఎన్ని సర్క్యూట్లు పోయాయో కాగితం మీద రాయించండి. ఆ కాగితం నకలు ఒకటి ఎంసీబీ బోర్డు తలుపు లోపలి వైపు అతికించి, ప్రతి ఎంసీబీ ఎదురుగా దాని రేటింగు, దాని కింద ఉన్న వైరు సైజు రాసి ఉంచితే, రేపు ఏసీ కొత్తది పెట్టడానికి వచ్చిన మనిషి ఊహతో పని మొదలుపెట్టనక్కరలేదు.